సీడ్ ఫండ్ దరఖాస్తు, 3వ పాఠం: మైల్‌స్టోన్ రాయడం

స్టార్టప్‌లకు సర్కారు డబ్బు ఏ దారుల్లో వస్తుందో పోయిన పాఠంలో చూశాం. 2016లో పెట్టిన 10,000 కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్‌ నుంచి సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) మనకు నేరుగా ఇవ్వదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీలో నమోదైన పెట్టుబడి ఫండ్లకు ఇస్తుంది, అవి స్టార్టప్‌లలో పెడతాయి. 2021 నాటి 945 కోట్ల సీడ్ ఫండ్ (తొలి దశ డబ్బు) పథకం మాత్రం ఇంక్యుబేటర్ల (కొత్త స్టార్టప్‌లకు చోటు, సలహా ఇచ్చే సంస్థల) ద్వారా నడిచేలా పెట్టారు. అందులో నమూనా తయారీకి, ట్రయల్స్‌కి 20 లక్షల దాకా గ్రాంటు. అదీ ఒకేసారి కాదు, మైల్‌స్టోన్ (ముందే రాసిచ్చిన మెట్టు) దాటిన కొద్దీ విడతల్లో.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఖర్చుల చిట్టా రాసి దాన్నే మైల్‌స్టోన్ అనుకుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే బోట్లలో, ఐస్ పెట్టెలో చల్లదనం తగ్గితే హెచ్చరించే పరికరం చేస్తున్నారనుకోండి. "సెన్సర్లు కొంటాం, ఇద్దరిని పనిలో పెట్టుకుంటాం" అని రాస్తే అది ఖర్చు. "ఐదు బోట్లలో పది రోజులు ఉప్పుగాలికి పాడవకుండా పనిచేస్తుందా?" ఇది తెలియని విషయం. మైల్‌స్టోన్ ఈ ప్రశ్నలోంచే పుట్టాలి. బ్యాంకు భరించలేని రిస్కును ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి, ఆ రిస్కు ఏ విడతకు ఎంత తగ్గుతుందో చూపించాలి.

ఇది ఉత్త కాగితం పని కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం 1992లో ఇన్‌బల్ పథకంలో, స్టార్టప్‌లలో డబ్బు పెట్టే ఫండ్లకు నష్టమొస్తే 70 శాతం దాకా తానే భరిస్తానని హామీ ఇచ్చింది. అది పెద్దగా ఫలించలేదు. నష్టం ఎలాగూ సర్కారుదే అయినప్పుడు గట్టిగా వెతికి, దగ్గరుండి నడిపించాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది? మరుసటి ఏడాది 10 కోట్ల డాలర్లతో యోజ్మా అనే పథకం మొదలుపెట్టారు. ఈసారి నష్టానికి హామీ లేదు. బదులుగా, ప్రభుత్వ వాటాను ముందే అనుకున్న ధరకు కొనుక్కునే వీలు ప్రైవేటు భాగస్వాములకిచ్చారు. గెలిస్తే లాభం వాళ్లదే. అక్కడ వెంచర్ క్యాపిటల్ (వాటా తీసుకుని కొత్త సంస్థల్లో పెట్టే పెట్టుబడి) వేళ్లూనుకున్నది ఆ తర్వాతే. మన మైల్‌స్టోన్‌లోనూ ఆ పట్టుదల కనబడాలి.

ఇక తేదీలు. నా మొదటి దరఖాస్తులో బోటు ట్రయల్ మే నెలకు పెట్టాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, రెండో విడత ఆగిపోయింది, జీతాలకు టెన్షన్ పడ్డాను. కాబట్టి ముందు మీ వాడుకదారుడి క్యాలెండర్ చూసి, తర్వాత తేదీ వేయండి.

అభ్యాసం: మీ ఆలోచనలో ఇంకా తేలని మూడు ప్రశ్నలు రాయండి. ఒక్కోదానికి ఎక్కడ, ఎవరితో, ఎన్ని రోజుల్లో, ఏ అంకె వస్తే తేలినట్టో ఒక్క వాక్యంలో చెప్పండి. అంకె లేని వాక్యం కొట్టేయండి. మిగిలిన వాటికి వచ్చే పాఠంలో బడ్జెట్ కడదాం.