రెండు లింకుల్లో బరువంతా ఒకదాని మీదే పడుతుంటే

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా సర్వర్‌కు రెండు 10 గిగాబిట్ నెట్‌వర్క్ లింకులను మోడ్ 4 బాండింగ్‌తో (లింకులను ఒకటిగా కలిపి వాడే లైనక్స్ పద్ధతి) కలిపినా, రాత్రి బ్యాకప్ వేళ ఒకటి నిండిపోయి రెండోది ఖాళీగా ఉండేది. కేబుల్ మారుద్దామని లేచిన మా నెల్లూరు తమ్ముణ్ని ఆపి, ముందుగా బాండింగ్ స్థితి ఫైల్ తెరిపించాను.

అందులో సర్వర్ రెండు నెట్‌వర్క్ పోర్టులకూ అగ్రిగేటర్ ఐడీ (పోర్టు ఏ గుంపులో చేరిందో చెప్పే సంఖ్య) ఒకటే ఉండాలి. వేరుగా ఉంటే ఎల్ఏసీపీ (లింకులను కలపడానికి సర్వర్, స్విచ్ మాట్లాడుకునే ప్రోటోకాల్) కుదరలేదని గ్రహించి స్విచ్ అమరికను సరిచూడాలి. ఒకటే అయితే హ్యాష్ పాలసీని, అంటే ఏ ప్యాకెట్టు ఏ లింకులో పోవాలో తేల్చే నియమాన్ని చూడాలి. లైనక్స్‌లో డిఫాల్ట్‌గా ఉండే లేయర్ 2 పాలసీ ప్రధానంగా మ్యాక్ చిరునామాలను (నెట్‌వర్క్ కార్డుల హార్డ్‌వేర్ చిరునామాలు) బట్టి లింకును ఎంచుకుంటుంది. అవతలి యంత్రాలు వేరే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని వేరే భాగంలో) ఉంటే ప్రతి ప్యాకెట్టూ బయటికి దారి చూపే గేట్‌వే మ్యాక్‌కే వెళ్తుంది కాబట్టి, యంత్రాలు ఎన్ని ఉన్నా లింకు మారదు. మా తప్పు అక్కడే దొరికింది. లేయర్ 3+4కు మారిస్తే ఐపీ చిరునామాలు, కనెక్షన్ల పోర్టు నంబర్లు లెక్కలోకి వస్తాయి.

సర్వర్‌లోకి వచ్చే ట్రాఫిక్‌ను పంచేది స్విచ్ కనుక, అక్కడి హ్యాష్‌ను విడిగా మార్చాలి. చాలామంది మరిచేది ఇదే. ఒకే టీసీపీ కనెక్షన్‌తో పరీక్షించి పెదవి విరవకండి, అది ఒక్క లింకులోనే పోతుంది. నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌ను 8 సమాంతర కనెక్షన్లతో నడిపి, రెండు ఇంటర్‌ఫేస్‌ల బైట్ కౌంటర్లను పక్కపక్కన చూడండి. ఆ కనెక్షన్లు రెండు లింకుల మధ్య 5, 3గా చీలినా లోపం కాదు.