బలాల లెక్క దగ్గర ఆగిపోతే సాయం ఎలా అడగాలి

"సార్, ఈ లెక్క రావట్లేదు" అంటూ ప్రశ్న ఫోటో పెట్టే పిల్లలను నేను ముందు అడిగేది ఒకటే: బొమ్మ గీశావా? ఫ్రీ బాడీ డయాగ్రమ్ (వస్తువును ఒక్కదాన్నే గీసి, దాని మీద పనిచేసే బలాలను బాణాలతో చూపే బొమ్మ) చూస్తే గానీ ఎక్కడ చిక్కుకున్నారో నాకు తెలియదు.

ఉదాహరణకు, 30 డిగ్రీల వాలు మీద 5 కిలోల దిమ్మ కిందికి జారుతోంది. ఘర్షణ గుణకం 0.2. త్వరణం ఎంత? దిమ్మను ఒక్కదాన్నే గీయండి. దాన్ని తాకుతున్నది వాలు మాత్రమే. వాలు నుంచి అభిలంబ బలం (వాలుకు లంబంగా దిమ్మను తోసేది), జారుడుకు ఎదురుగా ఘర్షణ. తాకకుండా లాగేది భూమి, 49 న్యూటన్లు. మూడే బాణాలు. చాలామంది "ముందుకు తోసే బలం" అని నాలుగోది గీస్తారు. ప్రతి బాణాన్నీ "నిన్ను ప్రయోగిస్తున్నది ఎవరు?" అని అడగండి. జవాబు లేకపోతే కొట్టేయండి.

ఆ తర్వాత కూడా ఆగిపోతే, ఆగిన చోటు రాయండి: "బొమ్మ ఇదీ. అభిలంబ బలం 49 ఎందుకు కాదు?" ఇది చాలా మంచి ప్రశ్న! వెంటనే చెప్పగలను: వాలుకు లంబంగా దిమ్మ కదలడం లేదు కాబట్టి, ఆ దిశలో ఉన్న బరువు భాగానికే అది సమానం, అంటే 49 × cos 30° = 42.4 న్యూటన్లు. ఘర్షణ దానికి 0.2 రెట్లు, అంటే 8.5. వాలు వెంట లాగే బరువు భాగం 49 × sin 30° = 24.5లోంచి అది తీసేస్తే 16 న్యూటన్లు. దాన్ని 5 కిలోలతో భాగిస్తే త్వరణం 3.2 మీ/సె².

యూనిట్లు మామూలే, గ్రాములను కిలోలు చేసుకోండి. చివరగా త్వరణానికి మీరు రాసిన సూత్రంలో కోణం 90 పెట్టండి. అప్పుడు వాలు నిట్టనిలువు, దిమ్మ నేరుగా కింద పడుతున్నట్టే. 9.8 రాకపోతే సైన్, కొసైన్ తారుమారయ్యాయేమో చూడండి.