కారు గుద్దిన వెంటనే "నాకేం కాలేదు" అనకండి

సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది కింద పడ్డామనుకోండి, మనలో చాలామందిమి వెంటనే లేచి నిలబడి, మట్టి దులుపుకుని, "పర్లేదండీ, ఏం కాలేదు" అనేస్తాం. నేనూ అదే అన్నాను. ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ దగ్గర గండిపేట వైపు వెళ్తుంటే ఒక కారు నన్ను దాటి, వెంటనే ఎడమకి తిప్పి నా ముందు చక్రానికి డ్యాష్ ఇచ్చింది, డ్రైవర్ దిగి "ఏం కాలేదు కదా తమ్ముడూ, కేసులెందుకు" అని రెండు వేలు చేతిలో పెట్టాడు, నేను నంబర్ కూడా చూసుకోకుండా ఇంటికొచ్చేశాను. సాయంత్రానికి మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, రెండు వారాలకి మళ్లీ తీస్తే బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందని తేలింది. అప్పటికి ఆ కారు ఎవరిదో కనుక్కునే దారే లేదు.

దెబ్బ వేడి మీద ఉన్నప్పుడు నొప్పి తెలియదు. అందుకే ఆ పది నిమిషాల్లో మీకు ఏమైందో మీరే తీర్పు చెప్పకండి. "ఇప్పుడే తెలియదు, డాక్టర్ చూడాలి" అంటే చాలు.

నడవగలిగితే రోడ్డు పక్కకి రండి. మెడ గానీ నడుము గానీ నొప్పిగా ఉన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినా కదలొద్దు. మన దగ్గర జనం మంచి మనసుతోనే పరిగెత్తుకొచ్చి, రెక్కపట్టి లేపి, హెల్మెట్ తీసేసి నీళ్లు తాగిస్తారు. వద్దని గట్టిగా చెప్పి, 108కి ఫోన్ చేయమనండి.

కారు కదిలేలోపు నంబర్ ప్లేట్ ఫోటో తీయండి, మీరు తీయలేకపోతే పక్కవాళ్లని తీయమనండి. తర్వాత సైకిల్ పడ్డ చోటు, కారు ఆగిన చోటు రెండూ కనపడేలా కొంచెం దూరం నుంచి ఒకటి. డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కాగితం కూడా ఫోటో తీసుకోండి, చూపించనంటే వాదన పెట్టుకోవద్దు, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కారు నంబర్ కొడితే బీమా ఉందో లేదో తెలుస్తుంది. అక్కడి టీ కొట్టాయన చూసి ఉంటే ఆయన ఫోన్ నంబర్ అడగండి. పక్క షాపు సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే అడగాలి. మీరు స్ట్రావా లాంటి సైక్లింగ్ యాప్‌లో రైడ్ రికార్డ్ చేస్తుంటే దాన్ని డిలీట్ చేయొద్దు, ఎన్ని గంటలకి ఎక్కడ ఎంత స్పీడులో ఉన్నారో అందులో ఉంటుంది.

రోడ్డు మీద రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. సైకిల్‌కి లైసెన్సూ ఇన్సూరెన్సూ లేవు కదా, మనకేం వస్తుందిలే అనుకుంటారు చాలామంది. అసలు ప్రతి కారుకీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ కారు వల్ల బయటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, తప్పనిసరి చేసిందే మనలాంటి వాళ్ల కోసం.

ఆసుపత్రిలో "జారి పడ్డాను" అని చెప్పకండి, కారు గుద్దిందనే చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలియజేయాల్సిన కేసుగా రాయించండి. మొదటి చీటీలో ఏం రాస్తే తర్వాత అదే నిలబడుతుంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా వైద్యం అందుతుంది, చేరగానే అడగండి. ఇంటికి పంపించినా రెండు రోజులు ఎవరో ఒకరు దగ్గరుండాలి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, లేపితే సరిగ్గా లేవకపోయినా, హ్యాండిల్ గుచ్చుకున్న చోట కడుపునొప్పి ఎక్కువవుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఉచితం. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ చేయమని అడగండి, అంటే ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని తర్వాత సరైన స్టేషన్‌కి పంపేది. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే చట్టం చెప్పిన గడువు 6 నెలలు, కాబట్టి చేయి బాగయ్యాక చూద్దాం అని కూర్చోవద్దు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. బిల్లులు, మందుల చీటీలు, ఆటో ఖర్చు, పోయిన జీతం అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి, లాయర్‌కి మాత్రం ఖాళీ కాగితాల మీద సంతకాలు ఇవ్వకండి. కారు ఆగకుండా పోయి ఎవరిదో దొరకకపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది.

సైకిల్‌ని వెంటనే రిపేర్‌కి ఇవ్వకండి, ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, షాపులో ఎస్టిమేట్ రాయించుకోండి, ఆ నష్టం కూడా అడగొచ్చు. తల తగిలి ఉంటే హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ ఒక్కసారి నొక్కుకుపోతే మళ్లీ కాపాడదు, దాన్ని సాక్ష్యంగా దాచిపెట్టి కొత్తది కొనండి. కార్బన్ ఫ్రేమ్ అయితే పగులు బయటికి కనిపించకపోవచ్చు, తెలిసిన మెకానిక్ ఎవరైనా, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుని కూడా విప్పి చూసేదాకా ఎక్కొద్దు.