సంక్రాంతికి ముందే చెబుతున్నాను: ప్యాంక్రియాటైటిస్ తిరగబెట్టే కుక్కకు తిండి జాగ్రత్తలు

గడిచిన కార్తీకంలో విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్క వీధివారి పామరేనియన్ కుక్క చనిపోయింది. దానికి అంతకు ముందు రెండుసార్లు ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమ గ్రంథి వాచే జబ్బు, వచ్చి తగ్గింది. ఆ ఇంటివారు నిర్లక్ష్యం చేసే మనుషులు కారు. డాక్టరు రాసిచ్చిన తిండి తప్ప మరొకటి దాని గిన్నెలో వేసేవారు కారు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగిన రోజున మాత్రం వచ్చిన బంధువుల్లో ఒకరు గారె ముక్క, ఒకరు నెయ్యి ఓడుతున్న ప్రసాదం, పిల్లలు బూరె పైపెచ్చు దాని నోటికి అందించారు. ఎవరు ఏమి పెట్టారో మరొకరికి తెలియదు. మర్నాడు వాంతులు మొదలయ్యాయి, సెలైన్ ఎక్కించినా మూడో రోజు దాటలేదు. జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా వస్తాయి, ఇల్లు చుట్టాలతో నిండుతుంది, వంటింట్లో మూకుడు దిగదు. ఇలాంటి కుక్క ఉన్న ఇళ్లవారు ఇప్పటినుంచే సిద్ధపడాలన్న ఆందోళనతో ఇది రాస్తున్నాను. చాక్లెట్, కిస్మిస్, ఉల్లిపాయ ఏ కుక్కకూ పెట్టకూడదన్నది మీకు తెలిసిన సంగతే కనుక దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

పాఠ్యపుస్తకాల్లో క్లోమం అని చదువుకున్న ప్యాంక్రియాస్ తిండిని అరిగించే ఎంజైములను తయారుచేసి చిన్నపేగులోకి పంపే గ్రంథి. ఆ ఎంజైములు గ్రంథిలో ఉన్నంతసేపూ పనిచేయని స్థితిలో ఉండి, పేగులోకి చేరిన తరవాతే పని మొదలుపెట్టాలి. ఈ జబ్బులో అవి ముందే క్రియాశీలమై గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. చాలా కుక్కల్లో అసలు కారణం తేలదు. రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండడం, ఒళ్లు పెరగడం, కుషింగ్స్ వంటి హార్మోన్ల జబ్బులు, కొన్ని మూర్ఛ మందులు ముప్పును పెంచుతాయి. మినియేచర్ ష్నాజర్, యార్క్‌షైర్ టెర్రియర్, కాకర్ స్పానియల్ వంటి జాతులకు ముప్పు మరింత ఎక్కువ. వీటిలో చాలావాటిని మనం మార్చలేము, తిండిని మాత్రం పూర్తిగా మార్చగలము. జబ్బు మళ్లీ మళ్లీ వచ్చే కొద్దీ గ్రంథిలో కొంత భాగం గట్టిపడి పనికిరాకుండా పోవచ్చు. పోగా పోగా ఆ గ్రంథే తయారుచేసే ఇన్సులిన్ చాలక కొన్ని కుక్కలకు మధుమేహం వస్తుంది, కొన్నింటికి ఎంజైములు చాలక తిన్నది ఒంటబట్టదు, జిడ్డు విరేచనాలతో చిక్కిపోతాయి. మొదటిదానికి రోజూ ఇన్సులిన్ సూది, రెండోదానికి ప్రతి పూటా తిండిలో ఎంజైము పొడి, రెండూ జీవితాంతం తప్పవు.

నేను చూసిన ఇళ్లలో కుక్కను పోగొట్టుకున్నవారు గిన్నెలో తప్పు తిండి పెట్టి పోగొట్టుకోలేదు. గిన్నె బయట, చేతి నుంచి నోటికి వెళ్లిన ఒక్క ముక్క వల్ల పోగొట్టుకున్నారు. పెద్దవాళ్లు ప్రేమగానే అంటారు, "ఒక్క ముక్కకేటయిపోద్దమ్మా, అలా చూస్తంటే మనసొప్పట్లేదు" అని. ఆ మాట అన్నవారు ఒక్కరే ఉండరు. అమ్మమ్మ ఒకటి పెడుతుంది, మామయ్య ఒకటి, పనిమనిషి వెళ్తూ వెళ్తూ ఒకటి, పిల్లలు బల్ల కింద నుంచి ఎన్నో. ప్రతి ఒక్కరి లెక్కలోనూ అది ఒక్క ముక్కే, కుక్క కడుపులో మాత్రం అవన్నీ కలిసిపోతాయి.

ఆ ఒక్క ముక్క బరువు ఎంతో లెక్క వేసి చూడండి. ఇంట్లో తిరిగే అయిదు కిలోల కుక్కకు రోజుకు సుమారు 350 కేలరీలు చాలు. జబ్బు మళ్లీ మళ్లీ వచ్చే కుక్కలకు వైద్యులు సాధారణంగా 100 కేలరీల తిండిలో 2 గ్రాములకు మించకుండా కొవ్వు ఉండాలంటారు. అంటే దాని రోజంతటి తిండిలో కలిపి కొవ్వు దాదాపు 7 గ్రాములు. ఒక చిన్న చెంచా నెయ్యిలోనే 5 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. ఒక కోడిగుడ్డులోనూ ఇంచుమించు అంతే, అదంతా పచ్చసొనలోనే. సున్నుండ, అరిసె, మాడుగుల హల్వా ముక్క ఏది తీసుకున్నా నేతితోనో నూనెతోనో నిండినవే. మన నోటికి ఒక కొస అనిపించేది ఆ చిన్న శరీరానికి రోజంతటి కోటా. మీది పాతిక కిలోల లాబ్రడార్ అయితే హద్దు సుమారు 22 గ్రాములు, అది పెద్దదిగా కనిపించినా చుట్టాలు నలుగురు చేరితే గడప దాటేలోపు నిండిపోతుంది.

ఇదే తప్పు మరో రూపంలో జబ్బు తగ్గిన వారం పది రోజులకు వస్తుంది. కుక్క లేచి తిరుగుతుంది, తోక ఊపుతుంది, గేటు దగ్గర మొరుగుతుంది. పాపం ఇన్నాళ్లూ చప్పిడి తిండి తిన్నదని జాలిపడి ఒక్క ముక్క పెడతారు, ఆ పూట ఏమీ కాదు. ఏమీ కాలేదు కనుక మరోటి పెడతారు. లక్షణాలు అదే రోజు కనిపించాలన్న నియమం లేదు, ఒకటి రెండు రోజుల తరవాత కూడా బయటపడతాయి కాబట్టి పెట్టిన చేతికి తన తప్పు ఎన్నడూ తెలియదు. లేచి తిరగడం వేరు, గ్రంథి కోలుకోవడం వేరు. కొవ్వు తగ్గించిన తిండి ఎన్నాళ్లు పెట్టాలన్నది కుక్క హుషారును చూసి మీరు తేల్చేది కాదు. రక్తంలో లైపేజ్ అనే క్లోమపు ఎంజైము పరీక్ష, కొవ్వుల పరీక్ష, స్కానింగ్ చూసి డాక్టరు తేలుస్తారు. మళ్లీ మళ్లీ వచ్చిన కుక్కలో చాలాసార్లు ఆ జవాబు జీవితాంతం అనే ఉంటుంది.

ఇక వంటింటి సంగతి. ఉడకబెడితే కొవ్వు పోతుందనుకోవడం పొరపాటు. కొవ్వు నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లే మళ్లీ అన్నంలో పోస్తారు. చర్మం తీసిన కోడి రొమ్ము మాంసం ఉడికాక 100 గ్రాములకు మూడున్నర గ్రాముల కొవ్వు ఉంటే, చర్మంతో ఉన్న తొడ ముక్కలో దానికి దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి రొమ్ము ముక్కే తీసుకుని, చర్మం, పసుపు రంగు కొవ్వు తీయించి, ఉడికించిన నీళ్లను ఫ్రిజ్‌లో ఉంచి పైన గడ్డకట్టిన పొరను పూర్తిగా తీసేసిన తరవాతే వాడండి. అరకు నుంచి తెచ్చిన బొంగులో చికెన్‌లో నూనె వెయ్యరు కదా అని అడిగేవారున్నారు. అందులో కోడి కొవ్వు అలాగే ఉంటుంది, మసాలా ఉంటుంది, పెట్టవద్దు. హార్బరు నుంచి చేపలు తెచ్చుకునేవారు కవళ్లు, కానగంతల వంటి నూనె చేపలను ఈ కుక్కకు దూరంగా ఉంచాలి. పాలలో ఫుల్ క్రీమ్ పాలకు 6 శాతం, టోన్డ్ పాలకు 3 శాతం, డబుల్ టోన్డ్ పాలకు 1.5 శాతం కొవ్వు ఉంటుంది. పెరుగు పెట్టవచ్చని డాక్టరు అంటే ఆ చివరి రకం పాలతో తోడుపెట్టి, మీగడ తీసినదే పెట్టాలి. పచ్చి కొబ్బరిలో మూడో వంతు, వేరుసెనగ పప్పులో దాదాపు సగం కొవ్వే కనుక గుడి నుంచి వచ్చిన కొబ్బరి ముక్క, పులిహోరలో ఏరిన పప్పులు కూడా మాంసాహారం కాదన్న ఒక్క కారణంతో క్షేమకరమైపోవు.

అన్నం, రొమ్ము మాంసం మాత్రమే నెలల తరబడి పెట్టడం కూడా ప్రమాదమే, ఎందుకంటే అందులో కాల్షియం, విటమిన్లు, అవసరమైన కొద్దిపాటి కొవ్వు ఆమ్లాలు చాలవు. ఇంటి తిండే పెట్టదలచినవారు డాక్టరు చేత కొలతలు, సప్లిమెంట్లు రాయించుకోవాలి. వీలున్నవారికి రాయల్ కానిన్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ లో ఫ్యాట్, హిల్స్ ఐ/డి లో ఫ్యాట్ వంటి వైద్యపు తిండి సులువైన దారి. మామూలు ప్యాకెట్లు కొనేవారు మాత్రం లేబుల్ చూసి మోసపోకండి. తడి పౌచ్ మీద కొవ్వు 4 శాతం, పొడి గింజల సంచి మీద 12 శాతం అని ఉంటే పౌచ్ మంచిదనిపిస్తుంది. పౌచ్‌లో 78 శాతం నీరే అనుకుంటే మిగిలిన 22 శాతం పదార్థంలో ఆ 4 శాతం కొవ్వు, అంటే నీరు తీసేసి చూస్తే 18 శాతం. గింజల్లో నీరు 10 శాతమే కాబట్టి అదే లెక్కన 13 శాతం పైచిలుకు. ఈ రెండూ ఈ కుక్కకు ఎక్కువే, నీరు తీసేసిన లెక్కలో 10 శాతానికి లోపు ఉన్నది వెతకాలి. పైగా లేబుల్ మీద వేసేది సాధారణంగా కనీసపు అంకె, లోపల అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు.

ముక్క అని ఎవరూ అనుకోని ముక్కలు మరికొన్ని ఉన్నాయి. మాత్రను నెయ్యిలో, వెన్నలో, చీజ్‌లో చుట్టి మింగించడం, బొచ్చు మెరుస్తుందని తిండి మీద చేపనూనె చుక్కలు వెయ్యడం, దురదకు కొబ్బరినూనె రాస్తే అది నాకుతూ ఉండడం, పళ్లకు మంచిదని పంది చెవులు నమలనివ్వడం, ఇవన్నీ అదే 7 గ్రాముల్లోంచి పోయేవే. మాత్రను రొమ్ము మాంసం ముద్దలోనో, ఉడికిన చిలగడదుంప ముద్దలోనో పెట్టండి.

పండగకు ముందు రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఈ కుక్కకు తిండి పెట్టే చెయ్యి ఒక్కటే ఉంటుందని తేల్చి చెప్పాలి. ఆ ఒక్కరు పొద్దునే రోజంతటి తిండిని కాటాలో తూచి ఒక డబ్బాలో పోసి, మూడు నాలుగు పూటలకు పంచాలి. పిల్లలకు, పెద్దలకు తమ చేత్తో పెట్టాలన్న ముచ్చట ఉంటుంది, దాన్ని కాదనవద్దు. ఆ డబ్బాలోంచే నాలుగు గింజలు తీసి వాళ్ల చేతికివ్వండి. హైదరాబాదు నుంచి, పల్లెల నుంచి వచ్చే చుట్టాలకు ఫోనులోనే చెప్పండి, వచ్చాక భోజనాల దగ్గర చెబితే అది దెప్పిపొడుపులా వినిపిస్తుంది.

ఇకపై వరసగా చెబుతున్నాను.

భోజనాల వేళ కుక్కను వేరే గదిలో ఉంచి తలుపు వెయ్యండి.

ఎంగిలి ఆకులు, మూకుడు తుడిచిన కాగితాలు, నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలిన గసి ఎక్కడ పడేస్తున్నారో చూడండి. మూత లేని చెత్తబుట్ట ఈ మూడు రోజులూ ఇంట్లో ఉండకూడదు.

ఎముక పెట్టవద్దు. కనుమ నాడు పక్కింటివారు మేకమాంసం ఎముకలు గిన్నెలో తెచ్చి ఇస్తే నవ్వుతూ తీసుకోండి, కుక్కకు మాత్రం పెట్టవద్దు.

ఆర్కే బీచ్‌లో, రుషికొండలో నడకకు తీసుకెళ్లేటప్పుడు గొలుసు పొట్టిగా పట్టుకోండి. మురీ మిక్స్చర్, బజ్జీల పొట్లాలు, వలల దగ్గర పడేసిన చేపల తలలు ఇసుకలోనే ఉంటాయి. నేలమీది తిండి వదలని కుక్క మూతికి గాలి ఆడే బుట్ట (మజిల్) తొడగండి.

వాచ్‌మన్‌కు చెప్పండి. పనిమనిషికి చెప్పండి. పాలవాడికి కూడా చెప్పండి.

పండగ పేరుతో తిండి రకం మార్చవద్దు. మామూలు రోజుల్లో మార్చవలసి వచ్చినా వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

ఆ మూడు రోజులూ, ముక్కనుమ నాడూ తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, రాత్రి ఎవరు ఫోను ఎత్తుతారో ముందే కనుక్కుని, పాత రిపోర్టులన్నీ ఒకే కవరులో పెట్టుకోండి.

ఒక్క ముక్క కూడా వద్దు. ఎవరు అడిగినా, అది ఎంత జాలిగా చూసినా వద్దు.

తిండి మానేసినా, మళ్లీ మళ్లీ వాంతి చేసుకున్నా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, ముందుకాళ్లు నేలకు చాచి వెనక భాగం పైకెత్తి దండం పెడుతున్నట్టు నిలబడినా పండగ అని ఆగవద్దు. రేపు చూద్దామనవద్దు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వెయ్యవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ కూడా వాటికి విషం కావచ్చు.

రోజుల తరబడి పస్తు పెట్టడం పాత పద్ధతి. ఇప్పుడు వాంతులు అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా తిండి మొదలుపెట్టడమే మేలంటున్నారు. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. వాంతులు అవుతున్న కుక్క నోరు తెరిచి నీళ్లు, మజ్జిగ పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వైద్యశాలకు బయలుదేరేముందు ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ ఎవరు ఏమి పెట్టారో అడగండి. కోప్పడకుండా అడగండి, కోప్పడితే చెప్పరు. విన్నదంతా ఎంత పెట్టారో, ఏ వేళకు పెట్టారో సహా కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి.