గంపెడు పల్లికాయకు ఎన్ని గంటలు?

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, 4వ పాఠం: ఫోల్డ్

పోయిన పాఠంలో మ్యాప్ చూశాం, అంటే జాబితాలోని ఒక్కో అంశానికీ ఒకే ఫంక్షన్ వేయడం. అక్కడ జాబితాలోని ఏ అంశమూ పక్కదాని మొహం చూడదు. ఫోల్డ్ అలా కాదు. చేతిలో ఒక విలువ పట్టుకుని జాబితా వెంట నడుస్తుంది. ఒక్కో అంశం దగ్గర పాత విలువ ఇచ్చి కొత్తది తీసుకుంటుంది. చివరికి చేతిలో మిగిలిందే జవాబు. కాంటా దగ్గర సంచుల తూకం కలుపుకుంటూ పోవడం ఫోల్డే. పైథాన్‌లో దీని పేరు రెడ్యూస్. పైథాన్ 3లో అది ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో ఉంటుంది, ఇంపోర్ట్ చేయడం మరవకండి.

కూడికల ఉదాహరణ అందరూ చెప్పేదే. మనం నేరుగా మెషిన్ లెర్నింగ్‌లోకి దిగుదాం.

మా జడ్చర్ల వైపు యాసంగి పల్లి వేసేముందు విత్తనం కాయ చేత్తో ఒలిచేవాళ్లు ఉంటారు, మిషన్‌లో గింజ పగులుతుందని. ఒక గంపకు 3 గంటలు, రెండింటికి 6, మూడింటికి 8 పట్టాయనుకుందాం (అప్పటికి చెయ్యి తిరిగింది). అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. గంపకు ఎన్ని గంటలో మోడల్ నేర్చుకోవాలి. ఆ విలువ పేరు వె, అంటే వెయిట్.

అడుగు(వె, (గంపలు, గంటలు)) = వె − 0.1 × (వె × గంపలు − గంటలు) × గంపలు

శిక్షణ = ఫోల్డ్(అడుగు, 0, కొలతలు)

లోపలి బ్రాకెట్‌లో ఉన్నది మన అంచనా ఎంత తప్పిందో చెబుతుంది. 0.1 లెర్నింగ్ రేట్, అంటే ఒక్కో అడుగులో వెను ఎంత మేర సవరించాలో చెప్పే అంకె. చివర గంపలతో గుణించడం ఎందుకంటే, తప్పు వర్గంలో సగాన్ని వె మీద అవకలనం చేస్తే వచ్చేది అదే. ఇంటర్ లెక్కలు చాలు. జాక్స్ అనే పైథాన్ లైబ్రరీలో గ్రాడ్ అనే ఫంక్షన్‌కు తప్పును కొలిచే ఫంక్షన్ ఇస్తే, ఈ అవకలనాన్ని తనే కట్టి ఇంకో ఫంక్షన్‌గా చేతిలో పెడుతుంది.

కాగితం మీద చేయండి. వె = 0. మొదటి కొలత దగ్గర అంచనా 0, తప్పు −3, వె 0.3 అవుతుంది. రెండో దాంట్లో అంచనా 0.6, తప్పు −5.4, వె 1.38. మూడో దాంట్లో అంచనా 4.14, తప్పు −3.86, వె 2.538. మూడు అడుగుల్లో ఇంత దగ్గరికి రావడం నాకైతే ఇప్పటికీ ముచ్చటే.

ఇదంతా మామూలు ఫర్ లూప్‌తో చేయలేమా? చేయొచ్చు. నేనూ అలాగే చేసి దెబ్బతిన్నాను. వెయిట్‌ను గ్లోబల్ వేరియబుల్‌గా పెట్టి, నోట్‌బుక్‌లో ముందు 0.1తో, తర్వాత అదే సెల్‌లో రేటు మార్చి 0.01తో నడిపాను. 0.01కే తప్పు తక్కువొచ్చింది. రెండు రోజులు సంబరం. తీరా చూస్తే వెయిట్‌ను సున్నా చేయలేదు. 0.1 కష్టపడి నేర్చుకున్నదాని మీద 0.01 కూర్చుని పేరు కొట్టేసింది! పైన రాసిన శిక్షణలో ఆ సందే లేదు. మొదలు విలువ 0 అని ఫోల్డ్‌కు మనమే ఇస్తున్నాం, అడుగు బయటి దేన్నీ ముట్టుకోదు. వందసార్లు నడిపినా 2.538 వచ్చి తీరాలి.

ఒక్క జాగ్రత్త. కూడికలో సంచుల వరుస మారినా మొత్తం మారదు. అందుకే జాబితాను ముక్కలు చేసి పది మిషన్లకు పంచొచ్చు. 2004లో గూగుల్ ఇంజినీర్లు డీన్, ఘెమావత్ రాసిన మ్యాప్‌రెడ్యూస్ పత్రం నిలబడింది ఈ పంపకం మీదే. మన అడుగు అలాంటిది కాదు. కొలతలను వెనక నుంచి ఇస్తే 2.676 వస్తుంది. పంచాలంటే వె కదలకుండా ఉంచి, ఒక్కో కొలతకూ సవరణ ఎంతో మ్యాప్‌తో తీసి, అన్నీ కూడి, ఒకేసారి అడుగు వేయాలి. దీన్నే బ్యాచ్ పద్ధతి అంటారు.

ఇంటిపని: 0.1 బదులు 0.5 పెట్టి అవే మూడు అడుగులు వేయండి. −3.75 వస్తే మీ లెక్క సరైనదే. గంపెడు కాయ ఒలిస్తే మూడు ముప్పావు గంటలు ఎదురు ఎలా మిగిలాయో 5వ పాఠంలో చూద్దాం.