ఆఫీసు ల్యాప్‌టాప్: ఆర్డరులోనే వేయించుకోవాల్సినవి, తర్వాత వేసుకోదగ్గవి

ఆర్డరు పెట్టే ముందు కాన్ఫిగరేషన్ కాగితం మీద గీత గీయండి. తర్వాత మార్చుకోగలిగినవి ఒకపక్క, మార్చలేనివి ఇంకోపక్క. డబ్బు మార్చలేని వాటి మీద పెట్టాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, 1 టీబీ ఎస్ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డ్రైవ్) వేలు పోసి స్క్రీన్ మాత్రం చవకది తీసుకుంటారు. ఎస్ఎస్‌డీ ఎప్పుడైనా అరగంటలో మారుతుంది. స్క్రీన్‌తో ఉన్నన్నాళ్లూ కాపురం చేయాల్సిందే.

కాబట్టి ముందు స్క్రీన్. ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అనేవి తెర చూపగల రంగుల కొలతలు, నిట్స్ అంటే తెర వెలుగు. '45% ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్' అని ఉంటే అది అడుగు రకం: రంగులు వెలిసిపోయినట్టుంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే ఎక్సెల్ గీతలు కూడా కనబడవు. '100% ఎస్ఆర్‌జీబీ, 400 నిట్స్' ఆప్షన్ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. 1920×1200 అయితే పొడవు కాస్త ఎక్కువ, షీటులో నాలుగు వరసలు అదనంగా కనిపిస్తాయి. రోజంతా టాలీలో ఎంట్రీలు కొట్టేవాళ్లకు 14 అంగుళాలది వద్దు, దాంట్లో నంబర్‌ప్యాడ్ ఉండదు.

ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) 16 జీబీకి తగ్గొద్దు. అయితే ఎంత ఉందన్నదాని కంటే ముందు ఎలా బిగించారో చూడండి. 'సోల్డర్డ్' అని ఉంటే అది మదర్‌బోర్డుకే అతికించేసిన ర్యామ్, కొన్నాక ఒక్క జీబీ కూడా పెరగదు. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఈ కోవదే. 'సోడిమ్' అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. ఎలైట్‌బుక్ 840 జీ10లో రెండు స్లాట్లున్నాయి. జెన్, అంటే మోడల్ తరం, మారితే లెక్కా మారుతుంది: థింక్‌ప్యాడ్ ఈ14 జెన్ 5లో కొంత ర్యామ్ అతికించి ఒక్క స్లాటే ఇచ్చారు, జెన్ 6కి వచ్చేసరికి రెండూ స్లాట్లే. మోడల్ పేరు విని సరిపెట్టుకోకుండా లెనోవోకైతే పీఎస్‌రెఫ్, హెచ్‌పీకైతే క్విక్‌స్పెక్స్ (ఆ కంపెనీల స్పెసిఫికేషన్ పత్రాలు), డెల్‌కైతే ఓనర్స్ మాన్యువల్ తెరిచి మెమరీ పేజీ చదవండి.

రెండు స్లాట్లుంటే 16 జీబీ ఒకే స్టిక్‌గా అడగండి, రెండోది ఖాళీగా మిగులుతుంది. దీనికో మూల్యం ఉంది. ఒకే స్టిక్‌తో ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ పూర్తి వేగం అందుకోదు, విండోస్‌లో పేరు కూడా 'యూహెచ్‌డీ' అనే పడుతుంది. రెండు మానిటర్లు తగిలించే పనైతే రెండో 16 జీబీకి ఆలస్యం చేయకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట అడిగి, కంపెనీ వేసే ధరతో పోల్చుకోండి. డీడీఆర్4, డీడీఆర్5 వేర్వేరు తరాల ర్యామ్‌లు, ఒకదాని స్లాట్‌లో ఒకటి దిగవు.

ఎస్ఎస్‌డీకి 512 జీబీతో మొదలుపెట్టొచ్చు. పెద్దది వేసే రోజున కొలత చూసుకోండి: 2242 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 42 పొడవు. ఆ చోట 2280 పట్టదు.

మార్చే ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) రికవరీ కీ వేరేచోట రాసి పెట్టుకోండి, జనం ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఛార్జర్ తీసేయండి. థింక్‌ప్యాడ్ అయితే ఆన్ అవుతుండగా ఎఫ్1 నొక్కి బయోస్‌లో (విండోస్‌కి ముందు వచ్చే సెట్టింగుల తెర) కాన్ఫిగ్, పవర్‌లోకి వెళ్లి 'డిజేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ' ఇవ్వండి. ఆ తర్వాతే అడుగు మూత. ఎస్ఎస్‌డీని కాస్త ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, స్క్రూ బిగించాలి. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా వేశాక మొదటిసారి ఆన్ చేస్తే కాసేపు తెర నల్లగానే ఉంటుంది. లోపల మెమరీని సరిచూసుకుంటోంది. పాడైందనుకుని పవర్ బటన్ పట్టుకోకండి.

సిమ్ వేసే ఆలోచన ఉంటే 'డబ్ల్యూవ్యాన్ రెడీ' అని ఉందో లేదో చూడండి. యాంటెన్నా వైర్లు ముందే వేసి ఉండకపోతే మోడెమ్ కార్డు కొన్నా దండగే. వేలిముద్ర రీడర్, కీబోర్డు లైటు కూడా ఆర్డరులోనే తేల్చుకోండి. ప్రాసెసర్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ పనికి ఇంటెల్ యూ సిరీస్ ఐ5 చాలు. హెచ్ సిరీస్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ తాగేస్తుంది.

డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే నెట్‌వర్క్) కలపాలంటే విండోస్ 11 ప్రో కావాలి, హోమ్ కలవదు. వారంటీ మూడేళ్ల ఆన్‌సైట్ (మీ దగ్గరికే వచ్చి బాగుచేసేది) తీసుకోండి, కానీ బ్యాటరీకి మామూలుగా ఏడాదే ఉంటుంది. బ్యాటరీ వారంటీ పొడిగింపు వేరే లైనుగా అడగాలి. బిల్లు కొట్టకముందే జీఎస్‌టీ నంబరు ఇవ్వండి, 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ ఊరికే వదులుకోవడం దేనికి?

పెట్టె విప్పిన రోజే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో కనిపిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి, వచ్చిన రిపోర్టు తెరిచి 'డిజైన్ కెపాసిటీ' చూడండి. 57 వాట్-అవర్‌కి డబ్బు కడితే 42ది వచ్చిందేమో అక్కడే బయటపడుతుంది.