ఎదురుగాలిలోనే సైకిలు బరువెక్కుతోందా? మొదట వెనక చక్రం చూడండి

మార్చిలో ఎండ కాస్త మొహం చూపించగానే నెదర్లాండ్స్‌లో ఉన్న మన పిల్లలు సెకండ్‌హ్యాండ్ సైకిళ్ల మీద బీచ్‌కి బయల్దేరతారు. నిటారుగా కూర్చుని తొక్కేవి, గేర్లు లేనివి, పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడేవి, చలికాలమంతా వానలో నానినవి. డెల్ఫ్ట్ ఊరి నుంచి స్కేవెనింగెన్ బీచ్‌కి వెళ్లి వచ్చాక అందరిదీ ఒకటే మాట: "వచ్చేటప్పుడు హాయిగా ఉంది, వెళ్లేటప్పుడు ప్రాణం పోయింది. అంతా గాలే." గాలి ఉన్న మాట నిజమే. కానీ అలా నా దగ్గరకు తెచ్చి చూపించిన సైకిళ్లలో చాలావాటిలో గాలితో పాటు ఇంకో దోషం కూడా ఉంటుంది.

సమస్య: గాలి ఎటున్నా బరువుగానే ఉంది

టైర్లలో గాలి లేదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటి చూడకుండా చైనుకు నూనె వేసి, బ్రేకు విప్పి, ఆఖరికి నా దగ్గరకు వస్తారు. "వేలితో నొక్కి చూశాను, గట్టిగానే ఉంది" అంటారు. వేలికి రెండు బార్లకీ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నాలుగు బార్లకీ తేడా తెలియదు. ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, అంత కొట్టాలి, కానీ కొలవడమే చిక్కు. ఇక్కడి సైకిళ్లకు ఎక్కువగా మన ఊరి సైకిళ్లకు ఉండే రకం వాల్వే ఉంటుంది. గాలి లోపలికి వెళ్లడమే గానీ వెనక్కి రాదు కాబట్టి పంపు మీటరు చూపించేది ట్యూబులో ఉన్న గాలి కాదు. ముల్లు కొట్టేటప్పుడు పైకి లేస్తుంది, ఆగితే పడిపోతుంది. దాన్ని నమ్మకండి, బరువుగా ఉన్న మనిషిని సీటు మీద కూర్చోబెట్టి టైరు ఎంత అణుగుతోందో చూడండి.

టైరుకు ఆనించే డైనమో ఉంటే, రాత్రి వేసింది పగలు తీశారో లేదో కూడా చూడండి. నవ్వకండి, ఇది తరచూ జరిగేదే.

చైను కిచకిచమంటే నూనె వేయండి. సీటు మరీ కిందికి ఉంటే పైకి లేపండి. వీటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

సమస్య: వెనక గాలికి బాగానే ఉంది, ఎదురుగాలికి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టుంది

అసలు కథ ఇది. సైకిలు స్టాండు వేసి చక్రం తిప్పి చూస్తే సాఫీగా తిరుగుతుంది. బ్రేకు పట్టుకోవడం లేదు, టైర్లు గట్టిగా ఉన్నాయి. అందుకే అందరూ గాలి అని తేల్చేస్తారు. ఒక కుర్రాడికైతే దుకాణంలో వెనక హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు మీద తిరిగే భాగం) మొత్తం మార్చాలని చెప్పి పంపారు. హబ్బులో ఏ లోపమూ లేదు. వెనక చక్రం ఇరుసు కుడివైపు గాడిలో కొంచెం ముందుకు జారింది, అంతే.

చైను ఉండేది కుడివైపు. మీరు పెడల్ గట్టిగా తొక్కితే చైను ఇరుసు కుడి కొసను ముందుకు లాగుతుంది. నట్టు సరిగ్గా బిగించి లేకపోతే ఆ కొస మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. అప్పుడు చక్రం ముందు భాగం ఎడమవైపు తిరిగి, పెడళ్ల దగ్గర నుంచి ఇరుసు దాకా వచ్చే ఎడమ గొట్టానికి టైరు దాదాపు ఆనుకుంటుంది. స్టాండు మీద వెంట్రుకవాసి సందు మిగిలే ఉంటుంది కాబట్టి రాసుకోదు. మనిషి ఎక్కి బలంగా తొక్కినప్పుడు మాత్రం చక్రం ఇంకాస్త వంగి రాసుకుంటుంది. కొండలు లేని దేశంలో బలంగా తొక్కాల్సి వచ్చేది ఎప్పుడు? ఎదురుగాలిలోనే. వెనక్కి తిరిగితే పెడల్ మీద బలం తగ్గుతుంది, రాపిడి ఆగుతుంది. తప్పంతా గాలి ఖాతాలో పడుతుంది.

పట్టుకోవడం ఇలా. ముందరి చక్రాన్ని గోడకు ఆనించండి. కుడి పెడల్ ముందుకు తెచ్చి కాలితో గట్టిగా అదమండి, ఇంకొకరిని వంగి టైరుకూ ఎడమ గొట్టానికీ మధ్య సందు చూడమనండి. సందు మూసుకుపోతే దొంగ దొరికినట్టే. ఒంటరిగా ఉంటే మొబైల్ టార్చి వేసి ఆ గొట్టం లోపలి వైపు చూడండి: రంగు పోయి మెరిసే మచ్చ, చుట్టూ నల్లటి రబ్బరు పొడి ఉంటాయి. ఇంకో రెండు గుర్తులున్నాయి. ఇటుకలు పరిచిన వీధిలో చైను దాని కవరుకు టపటపా కొట్టుకుంటుంది. వెనక్కి తొక్కినప్పుడు బ్రేకు మునుపటికంటే ఆలస్యంగా పడుతుంది. రెండింటికీ కారణం చైను వదులవడమే. ఈ స్థితిలో తొక్కుతూ ఉంటే చైను ఊడిపోవచ్చు. చైను ఊడితే ఈ సైకిళ్లకు వెనక బ్రేకు లేనట్టే, కొన్నిటికి ముందు బ్రేకు అసలే ఉండదు.

సరిచేయడానికి 15 నంబరు పానా చాలు. రెండు వైపులా నట్లు వదులు చేయండి. ఎడమవైపు హబ్బు నుంచి వచ్చే బ్రేకు పట్టీ క్లిప్పు స్క్రూ కూడా కొంచెం వదలండి, లేకపోతే చక్రం కదలదు. చైను మధ్యలో పైకీ కిందికీ కలిపి సెంటీమీటరు ఆడేలా చక్రాన్ని వెనక్కి లాగండి. మొదట కుడి నట్టు బిగించండి. తర్వాత టైరు రెండు గొట్టాలకూ సరిగ్గా మధ్యలో వచ్చేలా చేత్తో నెట్టి పట్టుకుని ఎడమది బిగించండి. బ్రేకు పట్టీ స్క్రూ మర్చిపోవద్దు. అది ఊడితే బ్రేకు వేసినప్పుడు ఆ పట్టీ చక్రంతో పాటు తిరిగిపోతుంది.

బిగించినా వారానికే మళ్లీ జారిందా? వాషర్లు చూడండి. చవక సైకిళ్లలో స్టాండు, మడ్‌గార్డు కడ్డీలు, క్యారియరు కాళ్లు అన్నీ ఆ ఇరుసు మీదే దొంతరగా ఉంటాయి. నట్టు ఫ్రేమును కాకుండా రంగు పూసిన రేకులను పట్టుకుంటుంది. రంగు నలిగి, పట్టు వదులుతుంది. టైరు మార్చినప్పుడు ఎవరో వాషరు పారేసి ఉంటారు. పళ్లున్న వాషర్లు వేసి, జిడ్డు తుడిచి, బిగించి, ఒక రోజు తొక్కాక మళ్లీ బిగించండి. అప్పటికీ ఆగకపోతే కుడివైపు చైను టెన్షనరు (ఇరుసు ముందుకు జారకుండా వెనక్కి పట్టి ఉంచేది) పెట్టండి. కొద్ది యూరోలే.

మిగతావి

హబ్బు బేరింగులను పట్టి ఉంచే కోన్లు బిగుసుకోవడం, పెడళ్ల ఇరుసు బేరింగులు అరగడం, ఫ్రేము వంగడం: ఉంటాయి గానీ అరుదు. ఫ్రేము వంగితే ఇంకో పాత సైకిలు కొనుక్కోవడమే చవక.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఊపిరి ఆడకపోతే అప్పుడు ఒప్పుకుంటాను, గాలే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఉంటే ఎదురుగా 30 కిలోమీటర్ల గాలి వస్తే మీకు తగిలేది 45. మూడు రెట్ల గాలికి నిరోధం తొమ్మిది రెట్లు. ఇలాంటి గేర్లు లేని సైకిళ్ల మీదే 2013 నుంచి ఇక్కడ ఎదురుగాలి పోటీ పెడుతున్నారు, జీలండ్‌లో సముద్రపు అడ్డుకట్ట మీద, 8.5 కిలోమీటర్లు, అదీ తుపాను గాలి వచ్చిన రోజు చూసుకుని. మీరు పోటీలో లేరు కాబట్టి కోటు జిప్పు పైదాకా వేసుకోండి, ముందు బుట్టలో పెద్ద సంచి తీసేయండి, మెల్లగా తొక్కండి. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే ట్రామ్ ఎక్కండి.